దావీదు నాట్యం, మీకాలు కోపం: తరచుగా అడిగే ప్రశ్నలు

దేవుని ముందు మనసారా సంతోషించాలా, నలుగురిలో హుందాగా ఉండాలా? రెండూ కావాలనే అంటాం. కానీ రెండూ ఎదురుపడే సందర్భాలు వస్తాయి. హెబ్రీ గ్రంథంలో ఆ ఘర్షణ అన్నిటికంటే సూటిగా కనిపించేది 2 సమూయేలు 6వ అధ్యాయంలో. ఆ అధ్యాయం గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నింటికి జవాబు చిన్నది. మీకాలు గురించిన ప్రశ్నలకు మాత్రం కాస్త ఓపికగా చెప్పాల్సి వచ్చింది.

అసలు ఆ రోజు ఏం జరిగింది?

దావీదు యెరూషలేమును యెబూసీయుల నుంచి గెలుచుకుని రాజధాని చేసుకున్నాడు. దేవుని మందసాన్ని అక్కడికి తేవాలనుకున్నాడు. మొదటి ప్రయత్నం విషాదంగా ముగిసింది. మూడు నెలల తరువాత మళ్లీ బయలుదేరారు. మందసాన్ని మోసేవాళ్లు ఆరు అడుగులు వేయగానే ఒక ఎద్దును, కొవ్విన దూడను బలి ఇచ్చారు. కేకలు, బూరల మోత. రాజు నార ఏఫోదు అనే యాజక వస్త్రం కట్టుకుని ఒంట్లో ఉన్న శక్తి అంతా పెట్టి నాట్యం చేశాడు. ఊరేగింపు పట్టణంలోకి వస్తుండగా అంతకుముందు రాజైన సౌలు కూతురు, దావీదు భార్య మీకాలు కిటికీలోంచి చూసింది. గంతులు వేస్తున్న రాజును చూసి మనసులో అతన్ని చులకన చేసింది.

మందసాన్ని గుడారంలో ఉంచి బలులు అర్పించాక దావీదు ప్రజలను దీవించాడు. ఆడా మగా తేడా లేకుండా అందరికీ రొట్టె, ఎండు ద్రాక్ష పండ్ల అడ తదితరాలు పంచాడు. తరువాత తన ఇంటివాళ్లను దీవించడానికి ఇంటికి వెళ్లాడు. మీకాలు ఎదురొచ్చింది. ఇశ్రాయేలు రాజు ఈ రోజు ఎంత ఘనంగా కనిపించాడని ఎత్తిపొడిచింది. పనికిమాలినవాడెవడో సిగ్గు లేకుండా బట్టలు విప్పుకున్నట్టు, సేవకుల దాసీలు చూస్తుండగా నువ్వూ అలాగే చేశావంది. నలుగురిలో పరువు తీశావన్నదే ఆమె మాటల సారం.

మందసం అంటే ఏమిటి? దాని కోసం అంత సంబరం ఎందుకు?

తుమ్మకర్రతో చేసి బంగారు రేకు పొదిగిన పెట్టె అది. దేవుని ఆజ్ఞలు రాసిన నిబంధన పలకలు అందులో ఉండేవి. దేవుని సన్నిధికి అది గుర్తు. యాజకుడు ఏలీ కాలంలో ఫిలిష్తీయులు యుద్ధంలో దాన్ని పట్టుకుపోయారు. తెగుళ్లు రావడంతో భయపడి తిరిగి పంపేశారు. ఆ తరువాత అది చాలా ఏళ్లు కిర్యత్యారీములో అబీనాదాబు ఇంట్లో ఉండిపోయింది. సౌలు రోజుల్లో దాని దగ్గర ఎవరూ విచారణ చేయలేదని దినవృత్తాంతాల గ్రంథం దావీదు నోటే చెప్పిస్తుంది. ఒక తరం పక్కన పెట్టేసినది తిరిగి ప్రజల మధ్యకు వస్తోంది. ఆ సంబరం వెనుక ఇంత చరిత్ర ఉంది.

కిర్యత్యారీము నేటి అబూ ఘోష్ పక్కన ఉన్న గుట్ట అని చాలామంది పండితులు గుర్తించారు. యెరూషలేముకు పడమర దిక్కున ఉంది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌కు చెందిన కాలేజ్ ద ఫ్రాన్స్ కలిసి 2017లో అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాయి.

మొదటి ఊరేగింపులో కూడా సంగీతం, సంతోషం ఉన్నాయి కదా, మరి ఉజ్జా ఎందుకు చనిపోయాడు?

ఉన్నాయి. ముప్పై వేల మందిని సమకూర్చుకుని, సితారాలు, తంబురలు, తాళాలతో బయలుదేరారు. మందసాన్ని కొత్త బండి మీద ఎక్కించారు. కళ్లం దగ్గర ఎద్దులు తడబడితే ఉజ్జా చేయి చాచి మందసాన్ని పట్టుకున్నాడు, అక్కడికక్కడే చనిపోయాడు. సంఖ్యాకాండం ప్రకారం మందసాన్ని లేవీ గోత్రంలోని కహాతీయులు భుజాల మీద మోయాలి, పవిత్ర వస్తువులను ముట్టుకోకూడదు. బండి పద్ధతి ఫిలిష్తీయులది. పడిపోకుండా పట్టుకోబోయిన మనిషి ప్రాణం పోవడం నేటి పాఠకుడికి మింగుడుపడదు. దావీదుకూ మింగుడుపడలేదు. అతనికి కోపం వచ్చింది, తరువాత భయం వేసింది. మందసాన్ని గిత్తీయుడైన ఓబేదెదోము ఇంట్లో దించేసి వెళ్లిపోయాడు.

ఈ మరణం లేకుండా తరువాతి నాట్యాన్ని చదవకూడదు. రెండోసారి దావీదు ఆడింది భయం అంటే ఏమిటో తెలిశాక. ఆరు అడుగులకే ఆగి బలి ఇచ్చారంటే ప్రతి అడుగూ ఎంత టెన్షన్‌గా వేశారో ఊహించుకోవచ్చు. ఆ నాట్యంలో సంతోషం ఎంత ఉందో బతికి బయటపడుతున్నామన్న ఊరట కూడా అంతే ఉందని నాకనిపిస్తుంది.

దావీదు నిజంగా బట్టలు లేకుండా ఆడాడా?

లేదు. నార ఏఫోదు కట్టుకున్నాడని వచనం స్పష్టంగా చెబుతుంది. అది యాజక సేవకు సంబంధించిన వస్త్రం. బాలుడైన సమూయేలు షిలోహులో అదే కట్టుకున్నాడు. 1 దినవృత్తాంతాలు 15 అయితే దావీదు సన్నపు నార నిలువుటంగీ కూడా వేసుకున్నాడని చెబుతుంది. ఏఫోదు పొట్టిదై, గంతులు వేసేటప్పుడు ఒళ్లు కనబడి ఉండవచ్చు. లేదా రాజవస్త్రం విడిచిపెట్టడాన్నే మీకాలు బట్టలు విప్పుకోవడంగా ఎత్తిపొడిచి ఉండవచ్చు. కోపంలో అన్న మాటను కొలతపెట్టి చూడలేం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నార ఏఫోదు మాట అంతకుముందు వచ్చిన సందర్భాల్లో యాజకుల ఊరైన నోబులో జరిగిన ఊచకోత ఒకటి. దావీదుకు సాయం చేశారని సౌలు ఆజ్ఞ ఇస్తే, అతని సేవకుడు దోయేగు 85 మంది ఏఫోదు ధరించిన యాజకులను చంపాడు. ఆ సౌలు కూతురు కిటికీలోంచి చూస్తుండగా దావీదు అదే వస్త్రంలో వీధిలో ఆడుతున్నాడు.

మీకాలు ఎవరు? ఆమెకు అంత కోపం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు 2 సమూయేలు 6లో దొరకదు. చాలా వెనక్కి వెళ్లాలి.

సౌలు చిన్న కూతురు మీకాలు. ఆమె దావీదును ప్రేమించిందని 1 సమూయేలు 18 రెండుసార్లు చెబుతుంది. హెబ్రీ కథనాల్లో ఒక స్త్రీ ఒక పురుషుణ్ణి ప్రేమించిందని ఇంత సూటిగా చెప్పడం చాలా అరుదు. దావీదు ఆమెను ప్రేమించాడని మాత్రం ఎక్కడా లేదు. రాజుకు అల్లుడు కావడం అతనికి ఇష్టమైందని ఉంది. ఫిలిష్తీయుల చేతిలో దావీదు చనిపోతాడన్న ఆశతో సౌలు నూరుమంది ఫిలిష్తీయుల ముందోళ్లను (సున్నతిలో తీసే చర్మాన్ని) ఓలిగా, అంటే పెళ్లికూతురి కోసం ఇచ్చే కట్నంగా అడిగాడు. దావీదు రెండు వందల మందివి తెచ్చాడు. తండ్రి పన్నిన ఉచ్చులో ఆమె ఎర.

తరువాత సౌలు దావీదును చంపడానికి మనుషులను పంపితే, మీకాలే అతన్ని కిటికీలోంచి దించి తప్పించింది. మంచం మీద గృహదేవత ప్రతిమను పడుకోబెట్టి, మేకవెంట్రుకలు తలవైపు పెట్టి, భర్తకు ఒంట్లో బాగాలేదని చెప్పింది. తండ్రికి ఎదురునిలిచి భర్త ప్రాణం కాపాడింది. దావీదు ఆ తరువాత సౌలు కొడుకు యోనాతానును రహస్యంగా కలిశాడు. భార్య కోసం తిరిగి వచ్చినట్టు ఎక్కడా లేదు.

సౌలు ఆమెను పల్తీయేలు అనే అతనికి భార్యగా ఇచ్చేశాడు. దావీదు అబీగయీలును, అహీనోయమును పెళ్లాడాడు. హెబ్రోనులో అతనికి ఆరుగురు భార్యల ద్వారా ఆరుగురు కొడుకులు పుట్టారు. సౌలు చనిపోయాక, అతని సేనాధిపతి అబ్నేరుతో రాజీ కుదుర్చుకునేటప్పుడు దావీదు పెట్టిన షరతు మీకాలును తిరిగి ఇవ్వాలని. ఓలిగా తానిచ్చింది గుర్తుచేశాడు. పల్తీయేలు ఏడ్చుకుంటూ బహూరీము దాకా ఆమె వెనక నడిచాడు. వెళ్లిపొమ్మని అబ్నేరు కసిరితే తిరిగిపోయాడు. అతని కన్నీళ్లను గ్రంథం రాసిపెట్టింది. ఆమె ఏమనుకుందో ఒక్క మాట లేదు.

కిటికీ దగ్గర నిలబడ్డ మీకాలు ఈ మీకాలు. తండ్రి, అన్నదమ్ములు పోయారు. తండ్రి రాజ్యం భర్త చేతికి వచ్చింది. తన కోసం ఏడ్చిన మనిషి బహూరీములో ఆగిపోయాడు. ఆమె కోపం ఏఫోదు పొట్టిగా ఉండటంతో మొదలైంది కాదు. కథకుడు ఆరో అధ్యాయంలో మూడుసార్లు ఆమెను ‘సౌలు కూతురు’ అనే అంటాడు, ‘దావీదు భార్య’ అని ఒక్కసారి కూడా అనడు.

ఆమె అభ్యంతరంలో ఏమైనా న్యాయం ఉందా?

ఉంది. మర్యాద గురించి ఆమె అడిగినది ధర్మశాస్త్రంలో లేనిది కాదు. బలిపీఠానికి మెట్లు ఉండకూడదని, ఎక్కేటప్పుడు ఒళ్లు కనబడకూడదని నిర్గమకాండం 20 చెబుతుంది. యాజకులు నడుము నుంచి తొడల దాకా నార లాగులు వేసుకోవాలని 28వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. అంటే దేవుని సన్నిధిలో శరీరానికి మర్యాద ఉండాలన్నది గట్టి నియమం. సీనాయి కొండ దిగిన మోషే బంగారు దూడ ముందు ప్రజల నాట్యం చూసి పలకలు పగలగొట్టాడు. నాట్యం ఉన్నంత మాత్రాన అది ఆరాధన అయిపోదని ఇశ్రాయేలుకు బాగా తెలుసు.

కానీ మీకాలు ఈ నియమాల పేరు ఎత్తలేదు. ఆమె మాటలో ఉన్నది దాసీలు. వాళ్ల కళ్లముందు రాజు చులకన అయ్యాడన్నదే ఆమె బాధ. ఆమె న్యాయం బలహీనపడేది అక్కడే.

సౌలు కూడా ఒకసారి బట్టలు విప్పేశాడని విన్నాను. నిజమేనా?

నిజమే. 1 సమూయేలు 19 చివర్లో ఉంది. మీకాలు దావీదును తప్పించిన తరువాత సౌలు అతన్ని వెతుక్కుంటూ రామాలోని నాయోతుకు వెళ్లాడు. దేవుని ఆత్మ అతని మీదికి వచ్చింది. బట్టలు తీసేసి, ప్రవచిస్తూ, ఒక పగలూ ఒక రాత్రీ అలాగే పడి ఉన్నాడు. సౌలు కూడా ప్రవక్తల్లో ఉన్నాడా అనే సామెత అక్కడ మళ్లీ వినిపిస్తుంది.

దేవుని ఆత్మ వచ్చిన రాజు నేలమీద పడి ఉండటం సౌలు ఇంటికే తెలిసిన విషయం. మీకాలు దాన్ని చూసిందో లేదో గ్రంథం చెప్పదు. అయినా తండ్రికి జరిగిన అవమానం తెలిసిన కూతురు, భర్త అదే దారిలో వెళ్తున్నాడని భయపడి ఉంటే ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహ. అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం ఈ ఊహ తట్టకుండా ఉండదు.

దావీదు ఇచ్చిన జవాబు సరైనదేనా?

సగం చాలా గొప్పగా ఉంది, సగం క్రూరంగా ఉంది.

గొప్పది ఏమిటంటే, నేను ఆడింది యెహోవా ముందు, ఇంతకంటే ఇంకా చులకన అవుతాను, నా కళ్లకే తక్కువవాణ్ణి అవుతాను, నువ్వు చెప్పిన ఆ దాసీల దగ్గర నాకు గౌరవం దొరుకుతుంది అన్నాడు. రాజు తన గౌరవాన్ని ఎవరి చేతిలో పెడుతున్నాడో చూడండి. రాజ్యంలో అందరికంటే కింద ఉన్న ఆడవాళ్ల చేతిలో పెట్టాడు. ఆ కాలపు ఏ రాజు శాసనంలోనైనా ఇలాంటి మాట ఆశించలేం.

క్రూరమైనది ఆ మాటల మొదట్లోనే ఉంది. దేవుడు నీ తండ్రిని, అతని ఇంటివాళ్లందరినీ కాదని నన్ను ఎంచుకున్నాడు అన్నాడు. తండ్రినీ అన్నదమ్ములనూ గిల్బోవ కొండ మీద పోగొట్టుకున్న ఆడమనిషితో అన్న మాట ఇది. ఆరాధన గురించిన జవాబుకు ఆ వాక్యం అవసరం లేదు. గొడవ గెలవడానికి అవసరమైంది. ఇంటివాళ్లను దీవించడానికి వచ్చినవాడు ఆమెను దీవించాడని గ్రంథంలో లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీధిలో దావీదు చేసింది సరైనది. ఇంటి గడప దగ్గర చేసింది సరికాదు. పరువు వదులుకోవడం అతనికి తేలిక, ఎందుకంటే కిరీటం అతని దగ్గరే ఉంది. మీకాలుకు రాజకుమార్తె అన్న పేరు తప్ప మిగిలింది ఏమీ లేదు. ఉన్నవాడు మర్యాదను పక్కన పెట్టడాన్నీ, అన్నీ పోయినవాళ్లు దాన్ని పట్టుకుని వేలాడటాన్నీ ఒకే తూకంతో తూచడం న్యాయం కాదు.

దాసీల ప్రస్తావనకు అంత ప్రాముఖ్యం ఉందా?

చాలా ఉంది. ద్వితీయోపదేశకాండం 16 పండుగల నియమాల్లో ఎవరెవరు సంతోషించాలో లెక్కపెట్టి చెబుతుంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు. సంతోషించమన్నది ఆజ్ఞ, దాసిని పక్కన ఉంచుకుని సంతోషించమన్నదీ ఆజ్ఞే. యజమాని పైన కూర్చుని, పనివాళ్లు దూరంగా నిలబడి చూసే పండుగను ఆ వచనం ఒప్పుకోదు. దావీదు పంచిన రొట్టె కూడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే లెక్కన అందింది.

బబులోను చెర నుంచి తిరిగి వచ్చాక నెహెమ్యా 8లోనూ ఇదే జరిగింది. ధర్మశాస్త్రం వింటూ ప్రజలు ఏడుస్తుంటే, ఏడవద్దు, వెళ్లి మంచి భోజనం చేయండి, ఏమీ లేనివాళ్లకు వంతులు పంపండి అన్నారు. యెహోవా వల్ల కలిగే సంతోషమే మీ బలం అన్న మాట వచ్చింది ఆ సందర్భంలోనే. ఈ మాటను మనం గోడ క్యాలెండర్ల మీద తరచుగా చూస్తాం. దాని పక్కనే ఉన్న ‘లేనివాళ్లకు వంతులు పంపండి’ కూడా వేస్తే బాగుంటుంది.

మీకాలుకు పిల్లలు లేకపోవడం దేవుడిచ్చిన శిక్షా?

గ్రంథం అలా చెప్పదు. చనిపోయే రోజు దాకా ఆమెకు పిల్లలు లేరని మాత్రమే చెబుతుంది. సమూయేలు తల్లి హన్నా విషయంలో యెహోవా ఆమె గర్భాన్ని మూశాడని స్పష్టంగా చెప్పిన అదే గ్రంథం, ఇక్కడ దేవుని పేరు ఎత్తలేదు. ఆ గొడవ తరువాత భార్యాభర్తలు విడిగా బతికి ఉండవచ్చు. రాజకీయంగా చూస్తే సౌలు రక్తం దావీదు సింహాసనం మీదికి రాకుండా దారి మూసుకుపోయింది. వెంటనే ఏడో అధ్యాయంలో దావీదు వంశానికి వాగ్దానం వస్తుంది.

యూదు రబ్బీల చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని పండితులు ఈ వాక్యాన్ని కదిలించి చూశారు. చనిపోయే రోజు దాకా లేరు కానీ ఆ రోజున పుట్టారు అన్నారు ఒకరు. మీకాలు ఐదుగురు కొడుకుల గురించి 2 సమూయేలు 21లో వచ్చే చిక్కును విప్పుతూ, అక్క మేరబు కన్న పిల్లలను మీకాలు పెంచిందని, అందుకే ఆమె పేరు మీద ఉన్నారని అన్నారు. ఆమెను పూర్తిగా ఖాళీ చేతులతో వదలడానికి వాళ్లకు మనసొప్పలేదని నాకనిపిస్తుంది.

దినవృత్తాంతాల గ్రంథం ఇదే కథను ఎలా చెబుతుంది?

లేవీయులు, గాయకులు, వాయిద్యాల వివరాలు బాగా పెంచింది. మీకాలు కిటికీలోంచి చూసి చులకన చేసిందన్న ఒక్క వాక్యం ఉంచి, ఇంటి దగ్గర గొడవ మొత్తం వదిలేసింది. ఆరాధన క్రమంగా జరిగిందని చూపడమే ఆ రచయితకు ముఖ్యం. సమూయేలు గ్రంథం గొడవను దాచలేదు. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

ఆరాధనలో పరువు పోగొట్టుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

హన్నా. షిలోహులో పెదవులు మాత్రమే కదుపుతూ, గొంతు వినబడకుండా ప్రార్థించింది. ఏలీ ఆమె తాగి ఉందనుకుని మందలించాడు. మనసు పిండుకుని ప్రార్థిస్తున్నానని ఆమె చెప్పాక శాంతంగా వెళ్లమన్నాడు. ఏలీ తన అంచనా మార్చుకున్నాడు. మీకాలుకు, దావీదుకు మధ్య జరగనిది అదే. దావీదుది పెద్ద శబ్దం, హన్నాది మౌనం, చూసేవాళ్లు ఇద్దరినీ తప్పుగానే అర్థం చేసుకున్నారు.

అయితే ఎంత ఉత్సాహంగా పాడితే అంత మంచి ఆరాధన అనుకోవచ్చా?

అనుకోకూడదు. మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి అని ఆమోసు 5లో దేవుడే అంటాడు. న్యాయం నీళ్లలా పారాలంటాడు. తరువాతి అధ్యాయంలో దంతపు మంచాల మీద పడుకుని, దావీదులా వాయిద్యాలు కల్పించుకుంటున్నామనుకునే ధనవంతులను ప్రవక్త గట్టిగా తిడతాడు. దావీదు పేరు చెప్పుకున్నా సరిపోలేదు.

యూదు సంప్రదాయం ఈ కథను ఎలా తీసుకుంది?

దావీదు పక్షమే వహించింది. పర్ణశాలల పండుగ రాత్రుల్లో దేవాలయంలో భక్తులు, పేరున్న పెద్దలు దివిటీలు పట్టుకుని నాట్యం చేసేవారని, లేవీయులు పదిహేను మెట్ల మీద నిలబడి వాయించేవారని యూదు పెద్దల నియమాల సంకలనమైన మిష్నా చెబుతుంది. ఆ సంతోషం చూడనివాడు జీవితంలో సంతోషమే చూడలేదని అందులో ఒక మాట. రబ్బాన్ షిమోన్ బెన్ గమలీయేలు ఎనిమిది దివిటీలను గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాడట. అదే సమయంలో, జనం కలగాపులగం కాకుండా ఆడవాళ్లకు పైన విడిగా చోటు ఏర్పాటు చేశారు. సంతోషానికీ మర్యాదకూ ఒకేచోట జాగా కల్పించారు.

12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమొనిడీస్ ఈ రాత్రుల గురించి రాసి, చివర దావీదును ఉదాహరణగా చూపించాడు. అలాంటి చోట తన గౌరవం చూసుకునేవాడు పాపి, తెలివితక్కువవాడు అన్నాడు. ఈనాటికీ తోరా (ధర్మశాస్త్రం) చదవడం ముగించి మళ్లీ మొదలుపెట్టే సింహత్ తోరా పండుగ రోజున తోరా చుట్టలను గుండెకు హత్తుకుని పెద్ద పెద్ద రబ్బీలు కూడా నాట్యం చేస్తారు.

మా సంఘంలో చప్పట్లు కొట్టని వాళ్లను ‘మీకాలు’ అంటారు. అది సరైనదేనా?

కాదు, దయచేసి అనకండి. మీకాలు నాట్యం చేయకపోవడాన్ని గ్రంథం ఎక్కడా తప్పు పట్టలేదు. ఆడుతున్నవాణ్ణి చులకన చేసిందని మాత్రమే చెప్పింది. మౌనంగా కూర్చున్న ఆవిడ హన్నా కూడా కావచ్చు. ఈ మధ్యే ఎవరినో పోగొట్టుకుని ఉండవచ్చు. వేదిక మీద నుంచి ‘చేతులు ఎత్తండి, సిగ్గుపడకండి’ అనేవాళ్లు పిలుపు ఇచ్చి ఊరుకుంటే చాలు. ఎత్తనివాళ్లకు పేరు పెడితే, మీకాలు దావీదుకు చేసిన పనే తిరిగి చేసినట్టు.

రెండో వైపూ చెప్పాలి. పల్లెల్లో డప్పు కొట్టి, గంతులు వేసి పాడే ఆరాధనను చదువుకున్నవాళ్లు నామోషీగా చూడటం నేను చూశాను. అక్కడ మీకాలు మాటలో ఉన్న దాసీలను గుర్తుచేసుకోవాలి. తక్కువ అనుకున్నవాళ్ల దగ్గరే తనకు గౌరవం దొరుకుతుందని రాజు అన్నాడు.

చదవడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నేరుగా 2 సమూయేలు 6కు వెళ్లకండి. ముందు 1 సమూయేలు 18, 19 చదవండి. తరువాత 25వ అధ్యాయంలో చివరి వచనం, 2 సమూయేలు 3లో 12 నుంచి 16 వచనాలు. అప్పుడు ఆరో అధ్యాయం. ఆ తరువాత పోల్చి చూడటానికి 1 దినవృత్తాంతాలు 13, 15, 16. మొత్తం ఒక సాయంత్రం సరిపోతుంది. గుంపులో చదివేటట్టయితే మీకాలు మాటలను ఒక స్త్రీ చేత, పెద్దగా చదివించండి.